రోగం ఎవరి కర్మ?

షుగరు వచ్చిందని తెలిస్తే తెలుగు ఇళ్లలో వినిపించే మాటలు రెండే. "నోరు కట్టుకోకపోతే ఇంతే" అనేది ఒకటి. "మన రాత ఇలా ఉంది" అనేది రెండోది. మొదటి మాట తప్పును కంచంలో వెతుకుతుంది. రెండోది పూర్వజన్మలో వెతుకుతుంది. పైకి ఎదురెదురు మాటల్లా కనిపించినా రెండింటి తీర్పూ ఒకటే: జబ్బు పడ్డవాడే జబ్బుకు కారణం.

ఈ తీర్పు న్యాయమేనా? మనిషి ఆరోగ్యం అతని నడవడికి ఫలమా, దైవ నిర్ణయమా? అతను పుట్టిన నేలకూ, చుట్టూ ఉన్న మనుషులకూ, అతని మీద పెత్తనం చేసిన వ్యవస్థకూ అందులో భాగం ఉందా? తరతరాలుగా పెద్దలు వాదించుకున్న ప్రశ్న ఇది. ఆస్ట్రేలియా గడ్డ మీద దీనికి కొన్ని నిజమైన ఉదాహరణలు దొరుకుతాయి. శాస్త్రిని, డాక్టరును ఒకే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించే ఉదాహరణలు అవి.

ఆస్ట్రేలియా వాయవ్య మూలన కింబర్లీ అనే ప్రాంతం ఉంది. అక్కడి డెర్బీ పట్నం పక్కన మోవాంజుమ్ అనే ఆదివాసీల ఊరు. వొరోరా, నగరిన్యిన్, వునంబల్ అనే మూడు జాతుల వాళ్లు అక్కడ ఉంటారు. వాళ్ల దేవతలు వాంజినాలు. వాన కురిపించేది, చట్టం చెప్పేది వాంజినాలేనని వాళ్ల నమ్మకం. కొండ గుహల్లో పెద్ద కళ్లతో, నోరు లేకుండా ఉండే ఆ బొమ్మల్లో ఒకటి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభ సభలో బ్రహ్మాండమైన ఆకారంలో లేచి నిలబడింది. ఆ దేవతలున్న కొండలకూ, ఈ మనుషులున్న ఊరికీ మధ్య చాలా దూరం ఉంది. 1912లో మొదలైన క్రైస్తవ మిషన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతూ, వీళ్లనూ వెంట మారుస్తూ 1956 నాటికి డెర్బీ దగ్గరికి చేర్చింది. వేట, దుంపలు తవ్వడం పోయి, మిషన్లూ పశువుల పెంపక క్షేత్రాలూ ఇచ్చే రేషను బతుకు వచ్చింది. రేషనంటే మైదా, చక్కెర, టీ ఆకు. ఆ తర్వాతి కాలంలో కూల్‌డ్రింకులు, బీరు, కొవ్వు పట్టిన చవక మాంసం వాటికి తోడయ్యాయి.

1982లో కెరిన్ ఓడీ అనే ఆస్ట్రేలియన్ పోషకాహార శాస్త్రవేత్త ఈ ఊరి వాళ్లతో కలిసి ఒక ప్రయోగం చేశారు. షుగరు ఉన్న పదిమంది, లేని నలుగురు ఏడు వారాల పాటు తమ పూర్వీకుల నేలకు వెళ్లి అక్కడ దొరికింది మాత్రమే తిని బతకాలి. షాపు సరుకు ముట్టకూడదు. షుగరు ఉన్నవాళ్ల సగటు వయసు 54, సగటు బరువు 82 కిలోలు. వీళ్లేమీ కుర్రవాళ్లు కారు, కానీ ఆ నేలను ఎరిగినవాళ్లు.

మొదట తీరం వైపు వెళ్లారు. అక్కడ చేపలు ప్రధాన ఆహారం. తర్వాత లోపలి భాగంలో నది ఒడ్డుకు మారారు. కంగారూ మాంసం, మంచినీటి చేపలు, తాబేళ్లు, పక్షులు, మొసలి, అడవి దుంపలు, అత్తికాయలు, తేనె దొరికేవి. దొరికేవి అంటే చేతికి అందేవని అర్థం కాదు. వేటకు నడవాలి, గాలం వేసి కూర్చోవాలి, దుంప కోసం గట్టి నేలను తవ్వాలి. తెచ్చింది ఎవరైనా ఒక్కరిదీ కాదు. వేటమాంసంలో ఎవరి వాటా ఏమిటో బంధుత్వం నిర్ణయిస్తుంది. రోజుకు సగటున మనిషి తిన్నది 1,200 కేలరీలే. అందులో మూడింట రెండొంతుల దాకా మాంసం, చేపల నుంచే వచ్చింది. అయినా మొత్తం ఆహారంలో కొవ్వు వాటా 13 శాతమే, ఎందుకంటే అడవి జంతువు ఒంట్లో కొవ్వు చాలా తక్కువ.

ఏడు వారాల తర్వాత రక్త పరీక్షలు చేశారు. షుగరు ఉన్న పదిమందీ సగటున 8 కిలోలు తగ్గారు. పరగడుపు షుగరు సగటు 209 నుంచి 119కి దిగింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మూడో వంతు కంటే తక్కువకు పడిపోయాయి. 1984లో 'డయాబెటిస్' పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. నాలుగు దశాబ్దాలుగా వైద్య విద్యార్థులు ఆ వ్యాసాన్ని చదువుతూనే ఉన్నారు.

పదిమంది, ఏడు వారాలు. దీన్నిబట్టి లోకానికంతా ఒకే సూత్రం రాసేయడం కుదరదు. బరువు తగ్గడం, పిండిపదార్థం తగ్గడం, కాయకష్టం పెరగడం, ఇంటిల్లిపాదీ కలిసి ఉండటం, తమ నేల మీద తాము నడవడం ఒకేసారి జరిగాయి. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేమని ఆ పరిశోధనే ఒప్పుకుంది. అసలు విషయం అక్కడే ఉంది. ఆ మనుషుల బతుకులో అవి ఎన్నడూ విడివిడిగా లేవు. విడదీసింది బయటి నుంచి వచ్చినవాళ్లు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ అదే దేశపు తూర్పు తీరంలో ఉంది. సిడ్నీకి ఉత్తరాన కూరన్‌బాంగ్ అనే పల్లె. సెవెంత్ డే అడ్వెంటిస్టులు 1897లో అక్కడ అవొండేల్ అనే పాఠశాల పెట్టారు. ఆ సంఘ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ 1891 నుంచి 1900 దాకా ఆస్ట్రేలియాలోనే ఉన్నారు. మాంసాహారం వద్దని ఎన్నో ఏళ్లుగా రాస్తూ వచ్చిన ఆమె, మెల్‌బోర్న్ దగ్గర బ్రైటన్‌లో 1894 జనవరిలో జరిగిన సభల తర్వాత తన బల్ల మీద మాంసాన్ని పూర్తిగా మానేశారు. 1898లో మొదలైన ఆ సంఘపు ఆహార సంస్థ శానిటేరియమ్ 1928లో వీట్‌బిక్స్‌ను తన చేతిలోకి తీసుకుంది. ఈ రోజు ఆస్ట్రేలియాలో తెలుగు పిల్లలు కూడా బడికి వెళ్లేముందు పాలలో వేసుకుని తినే ఆ గోధుమ బిస్కెట్టు వెనుక ఒక మతసిద్ధాంతం ఉంది. దేహం పవిత్రాత్మకు ఆలయం, కాబట్టి దాన్ని పాడుచేసుకోవడం పాపం అనేదే ఆ సిద్ధాంతం. పౌలు కొరింథీయులకు రాసిన లేఖ దానికి ఆధారం. దేహమే దేవాలయమన్న భావన తెలుగువాళ్లకు కొత్త కాదు.

అడ్వెంటిస్టులు పొగ తాగరు, మద్యం ముట్టరు. చాలామంది శాకాహారులు. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం పొద్దుగుంకే దాకా సంపాదన పనులు ఆపేస్తారు. ఆ ఇరవై నాలుగు గంటలు ప్రార్థనకు, కుటుంబానికి, నడకకు. అమెరికాలోని కాలిఫోర్నియాలో వీళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2001లో వచ్చింది. ఆ రాష్ట్రంలోని ఇతర తెల్లజాతి వాళ్లతో పోలిస్తే అడ్వెంటిస్టు మగవాళ్లు ఏడేళ్లకు పైగా, ఆడవాళ్లు నాలుగేళ్లకు పైగా ఎక్కువ బతుకుతున్నట్టు తేలింది.

ఒక కంచంలో మూడింట రెండొంతులు మాంసం, చేపలు. ఇంకో కంచంలో, చాలామందికి, మాంసమే లేదు. రెండు కంచాలూ ఆరోగ్యాన్నిచ్చాయి.

సాత్వికాహారం గురించి మనం చేసే వాదాలన్నీ ఇక్కడ ఒకసారి ఆగి ఆలోచించుకోవాలి. భగవద్గీత 17వ అధ్యాయంలో ఆహారాన్ని మూడు విధాలుగా చెప్పిన చోట కూరగాయల పట్టిక లేదు, మాంసం పట్టికా లేదు. ఆయుష్షు, బలం, సుఖం పెంచేది ఏది, దుఃఖం, రోగం తెచ్చేది ఏది, నిలవ ఉండి చెడినది ఏది అన్న గుణాల మీదే ఆ విభజన నడుస్తుంది. ఆ కొలతతో చూస్తే కింబర్లీ నది ఒడ్డున ఆ పూట పట్టి, ఆ పూటే కాల్చి, పదిమంది పంచుకున్న చేపకూ, డెర్బీ షాపులో కొన్న కూల్‌డ్రింకుకూ తేడా ఎంతో చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. శాకాహారం గొప్పతనాన్ని ఇది తగ్గించదు. కంచంలోని పదార్థం పేరు చూసి మనిషి గుణాన్ని లెక్కకట్టే అలవాటును మాత్రం ఇది ప్రశ్నిస్తుంది.

అయితే ఈ రెండు సమాజాలకూ కలిసిన అంశాలు ఏమిటి? మరపట్టిన తిండి, చక్కెర తక్కువ. ఒళ్లు వంచే పని ఉంది. విశ్రాంతికి వేళ ఉంది. తిండి చుట్టూ మనుషులున్నారు. అన్నిటికీ మించి, ఎందుకు ఇలా బతుకుతున్నామన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు వాళ్లదే, వేరేవాళ్లు రుద్దింది కాదు.

చివరి అంశం ఎంత బలమైనదో చూపించిన వైద్యుడు సిడ్నీలోనే పెరిగారు. మైకేల్ మార్మట్ లండన్‌లో పుట్టి, చిన్నప్పుడే ఆస్ట్రేలియా వచ్చి, సిడ్నీ విశ్వవిద్యాలయంలో 1968లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో స్థిరపడిన జపాన్ మూలాల మగవాళ్లు 3,809 మంది మీద పరిశోధించారు. అప్పటికే తెలిసిన సంగతి ఒకటుంది. జపాన్‌లో గుండెజబ్బు తక్కువ, హవాయి వెళ్లిన జపనీయుల్లో కొంచెం ఎక్కువ, కాలిఫోర్నియా చేరినవాళ్లలో ఇంకా ఎక్కువ. అందరూ తిండి మారడమే కారణమనుకున్నారు. మార్మట్, లెనార్డ్ సైమ్ కలిసి 1976లో ప్రచురించిన ఫలితాలు వేరే సంగతి చెప్పాయి. జపనీయ సమాజంతో, భాషతో, బంధువులతో గట్టి సంబంధాలు నిలుపుకున్నవాళ్లలో గుండెజబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. పూర్తిగా అమెరికా పద్ధతిలో కలిసిపోయినవాళ్లలో మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. తిండి, పొగ, బీపీ, కొలెస్ట్రాల్, బరువు అన్నిటినీ లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పూర్తిగా పోలేదు.

ఆ తర్వాత ఆయన బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనాలు చేశారు. హోదాలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు పెరుగుతోంది. పని ఎక్కువ ఉండటం కంటే, ఆ పని మీద తన మాట చెల్లకపోవడం గుండెకు ఎక్కువ హాని చేస్తోందని తేలింది. శరీరానికి ఇది కొత్త సంగతి కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు కార్టిసాల్ అనే హార్మోను విడుదలై రక్తంలో చక్కెరను పెంచుతుంది. పరుగెత్తడానికి, పోరాడటానికి అది కావాలి. ఏళ్ల తరబడి దిగని భయం, తీరని అవమానం ఉంటే ఆ చక్కెర దిగదు, బీపీ దిగదు, నిద్ర పట్టదు, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. 2016లో ఆస్ట్రేలియా జాతీయ ప్రసార సంస్థ ఏబీసీ ఏటా ఇప్పించే బోయర్ ఉపన్యాసాలకు మార్మట్‌నే పిలిచారు. సమాజంలోని అన్యాయమే ఆరోగ్యంలో అంతరంగా కనిపిస్తుందని తాను పెరిగిన దేశంలో నిలబడి ఆయన చెప్పారు.

ఆ అంతరం ఎంతో ఆస్ట్రేలియా గణాంక శాఖే చెబుతుంది. 2020–22 లెక్కల ప్రకారం ఆదివాసీ, టోరెస్ జలసంధి ద్వీపవాసి మగవాళ్ల సగటు ఆయుష్షు 71.9 ఏళ్లు, ఆడవాళ్లది 75.6 ఏళ్లు. మిగతా దేశంతో పోలిస్తే మగవాళ్లకు 8.8 ఏళ్లు, ఆడవాళ్లకు 8.1 ఏళ్లు తక్కువ. షుగరు జబ్బు వీళ్లలో దాదాపు మూడు రెట్లు. ఇందులో ఒక్కో మనిషి "నోరు కట్టుకోకపోవడం" ఎంత? నేల లాక్కోవడం ఎంత? పిల్లలను ప్రభుత్వమే తల్లుల ఒడిలోంచి ఎత్తుకెళ్లడం ఎంత? తరాల పాటు సాగిన ఆ దురాగతానికి 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అంతమంది ఒకేసారి ఒకే పాపం చేసి పుట్టారని ఏ కర్మ సిద్ధాంతం చెబుతుంది?

ఈ ప్రశ్నను చరక సంహిత ఎప్పుడో వేసుకుంది. విమాన స్థానం మూడో అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం, అంటే ఊళ్లకు ఊళ్లు నాశనమయ్యే సందర్భం గురించిన చర్చ. పాంచాల దేశంలో కాంపిల్య నగరం దగ్గర గంగ ఒడ్డున ఆత్రేయుడు శిష్యులతో తిరుగుతుంటాడు. మనుషుల ప్రకృతులు వేరు, తిండి వేరు, బలం వేరు, వయసు వేరు కదా, మరి ఒకే జబ్బు ఒకే కాలంలో అందరినీ ఎలా కబళిస్తుందని అగ్నివేశుడు అడుగుతాడు. గాలి, నీరు, నేల, కాలం ఈ నాలుగూ అందరికీ ఉమ్మడి, అవి చెడితే అందరూ చెడతారని గురువు జవాబు. అవి ఎందుకు చెడతాయన్న ప్రశ్నకు మూలకారణం అధర్మమంటాడు. ఆ అధర్మం రాజ్యాన్ని ఏలే పెద్దల దగ్గర మొదలై కిందికి వ్యాపిస్తుందనీ అంటాడు. రోగికి పూర్వజన్మ పాపాన్ని అంటగట్టడానికి ముందు పాలకుల ఈ జన్మ అధర్మాన్ని చూడమన్న మాట ఇది. అదే అధ్యాయంలో ఆయుష్షు దైవం, పురుషకారం (మనిషి ప్రయత్నం) రెండింటి మీదా ఆధారపడుతుందనీ, బలమైన పురుషకారం బలహీనమైన దైవాన్ని ఓడించగలదనీ చర్చ సాగుతుంది. కర్మను చేతులు ముడుచుకోవడానికి సాకుగా వాడుకునేవాళ్లు ఈ పుటలు తిప్పి ఉండరు.

చరకుడు చెప్పిన ఉమ్మడి బాధ్యతను ఆస్ట్రేలియా ఆదివాసీలు తమ మాటల్లో చెప్పుకున్నారు. సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1971లో తొలి ఆదివాసీ వైద్యశాలను ఆ సమాజమే పెట్టుకుని నడిపింది. 1989లో తయారైన జాతీయ ఆదివాసీ ఆరోగ్య వ్యూహంలో ఆరోగ్యమంటే ఒక మనిషి శరీరం బాగుండటంతో సరిపోదనీ, మొత్తం సమాజం సామాజికంగా, మానసికంగా, సాంస్కృతికంగా బాగుండటమేననీ నిర్వచించారు.

ఈ నిర్వచనం కాగితం మీద మిగిలిపోలేదు. మధ్య ఆస్ట్రేలియాలో, నార్తర్న్ టెరిటరీలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్నానికి ఈశాన్యంగా రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో యుటోపియా అనే ప్రాంతం ఉంది. ప్రపంచ ప్రసిద్ధ చిత్రకారిణి ఎమిలీ కామే కింగ్వారే ఊరు అదే. అక్కడి అల్యవార్, అన్మట్యెర్ ప్రజలు ఒకే చోట గుమిగూడకుండా తమ పూర్వీకుల నేలల్లో చిన్న చిన్న పల్లెలుగా చెదిరి ఉంటారు. వేట ఉంది, అడవి తిండి ఉంది, మద్యం మీద నిషేధం ఉంది, తామే నడుపుకునే ఉరపుంజ వైద్యశాల ఉంది. పదేళ్ల పాటు వీళ్లను గమనించిన పరిశోధకులు 2008లో ఫలితాలు ప్రకటించారు. నార్తర్న్ టెరిటరీలోని మిగతా ఆదివాసీలతో పోలిస్తే యుటోపియాలో మరణాలు, ముఖ్యంగా గుండెజబ్బు మరణాలు గణనీయంగా తక్కువ. ఇతర చోట్లకంటే వీళ్ల ఆదాయం, ఇళ్ల వసతి మెరుగ్గా లేకపోయినా ఆ ఫలితం వచ్చింది. మరుసటి ఏడాది అదే టెరిటరీలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో 298 మంది మీద వచ్చిన అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్పింది. పద్ధతి ప్రకారం అడవికి నిప్పు పెట్టడం, పూజాస్థలాలను కనిపెట్టుకోవడం, వేటాడటం వంటి పనుల్లో ఎక్కువగా పాల్గొనేవాళ్లకు బరువు తక్కువ, షుగరు తక్కువ, గుండెకు ముప్పు తక్కువ.

నేల అంటే ఎంత ప్రాణమో పింటుపీ ఆదివాసీలు ఇంకో రకంగా చూపించారు. పడమటి ఎడారిలో కింటోర్ అనే వాళ్ల పల్లె ఆలిస్ స్ప్రింగ్స్‌కు అయిదు వందల కిలోమీటర్లకు పైగా దూరం. మూత్రపిండాలు పాడైనవాళ్లకు వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు డయాలసిస్ కావాలి. ఆ యంత్రాలు పట్నంలోనే ఉండేవి. పెద్దవాళ్లు ఇల్లు, మనవలు, కర్మకాండలు వదిలేసి పట్నంలో ఒంటరిగా ఉండాలి. లేదా డయాలసిస్ మానుకుని ఇంటికి వెళ్లి చనిపోవాలి. ఈ రెండు దారులూ వద్దని ఆ సమాజం నిర్ణయించుకుంది. కింటోర్, కివిర్‌కురా పల్లెల చిత్రకారులు కలిసి పెద్ద పెద్ద కాన్వాసుల మీద తమ పుణ్యస్థలాల కథలు గీశారు. 2000 నవంబరులో సిడ్నీలోని న్యూసౌత్‌వేల్స్ ఆర్ట్ గ్యాలరీలో వేలం వేస్తే పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2004లో కింటోర్‌లో డయాలసిస్ మొదలైంది. ఇప్పుడు పర్పుల్ హౌస్ పేరుతో అందరికీ తెలిసిన ఆ సంస్థ ఎన్నో ఎడారి పల్లెల్లో డయాలసిస్ నడుపుతోంది. ఆ యంత్రాలు బిగించిన ఒక ట్రక్కు ఊరూరా తిరుగుతుంది. రక్తాన్ని శుభ్రం చేసే యంత్రం పట్నంలోనైనా పల్లెలోనైనా ఒకటే. మనవరాలు పక్కన కూర్చుని ఉండగా, తన కొండ కిటికీలోంచి కనపడుతుండగా ఆ నాలుగు గంటలు గడపడం మాత్రం వేరు. ఆ తేడా కోసం ఒక జాతి తన పుణ్యకథలను బొమ్మలుగా అమ్ముకుంది.

ఇంతటితో పాత పద్ధతులన్నీ మంచివేనని తేల్చేస్తే అది పొరపాటే. జపాన్ ఈశాన్యంలోని అకితా పల్లెల్లో చలికాలమంతా ఉప్పు ఊరగాయలు, మిసో పులుసు తినేవాళ్లు. తరాల నాటి సంప్రదాయమది. పక్షవాతం ఆ పల్లెలను పీడించింది. ఆ ప్రాంతపు ఇకావా ఊళ్లో 1963 నుంచి డాక్టర్లు, నర్సులు, ఊరి స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి ఇంటింటా బీపీ చూశారు, ఉప్పు తగ్గించడం నేర్పారు, మందులు ఇచ్చారు. పొరుగు ఊరితో పోలిస్తే ఇకావా మగవాళ్లలో పక్షవాతం బాగా తగ్గింది. ఆవకాయ, ఉప్పుచేప లేనిదే ముద్ద దిగని గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ కూడా ఒక్కొక్కరికి విడిగా హితవు చెప్పి ఊరుకోలేదు. ఊరంతా కలిసి తన వంటింటిని మార్చుకుంది.

గోదావరి పేరు ఇక్కడ ఊరికే రాలేదు. సిడ్నీలో 1999లో మొదలైన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు, హైదరాబాద్ కేర్ ఆసుపత్రి, బైర్రాజు ఫౌండేషన్‌తో కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు ఎందుకు చనిపోతున్నారో లెక్క తీశారు. ఆ పల్లెల జనాభా లక్షా ఎనభై వేలు. 2003–04లో 1,354 మరణాలకు కారణాలు తేల్చారు. పల్లెల్లో మలేరియా, విరేచనాలే మనుషుల్ని తీసుకుపోతాయని అనుకునే రోజులవి. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు 32 శాతమని తేలింది. అంటువ్యాధులతో పోయినవాళ్లు 12 శాతమే. పచ్చటి పొలాల మధ్య ఉన్నవాళ్లకు పట్నం జబ్బులు రావన్న నమ్మకం అక్కడ కూలిపోయింది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం భారతదేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పది లక్షలని చెప్పింది.

ఆ గోదావరి పల్లెల పిల్లలే ఈ రోజు సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్‌లలో ఉన్నారు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్లు ఆస్ట్రేలియాలో 60 వేలకు దగ్గరగా ఉన్నారు. ఐదేళ్ల ముందు ఆ సంఖ్య 35 వేల లోపే. అంటే చాలామంది కొత్తగా వచ్చినవాళ్లు. వీసా ఏమవుతుందో తెలియని బెంగ, ఇంటి అప్పు, రాత్రి షిఫ్టులు, ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, పక్కింటివాళ్ల పేరు తెలియని వీధి. కాయకష్టం చేసిన తాతముత్తాతలు తిన్నంత అన్నం, కుర్చీ కదలని ఉద్యోగం. కాలిఫోర్నియా జపనీయుల్లో మార్మట్ చూసిన లక్షణాలన్నీ ఇక్కడ ఉన్నాయి. వాళ్లను కాపాడినదీ ఇక్కడ ఉంది. సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్ కొండల్లో 1985లో కుంభాభిషేకం జరిగిన వేంకటేశ్వరాలయానికి ఆదివారాలు వెళ్లే కుటుంబాలు దైవదర్శనంతో పాటు మనుషుల దర్శనం కోసమూ వెళ్తాయి. తెలుగు బడులు, ఉగాది సభలు, బతుకమ్మ ఆటలు గుండెకు మంచివని చెబితే అతిశయోక్తి కాదు. ఆ సభల్లో వడ్డించే మిఠాయిల లెక్క మాత్రం వేరేగా చూసుకోవాలి.

ఆస్ట్రేలియా ప్రభుత్వం షుగరు ముప్పు తెలుసుకోవడానికి ఆస్‌డ్రిస్క్ అనే పది ప్రశ్నల పత్రం తయారుచేయించింది. అందులో నడుము కొలత అడిగే చోట రెండు వరసలున్నాయి. ఒకటి మిగతా అందరికీ. ఇంకో వరసలో ఆసియా మూలాల వాళ్లనూ, ఆదివాసీలనూ కలిపి పెట్టారు, ఎందుకంటే ఈ రెండు సమాజాలకూ తక్కువ నడుము కొలతకే ముప్పు మొదలవుతుంది: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. తెలుగునాట పెనమలూరు నుంచి వచ్చినవాడూ మోవాంజుమ్‌లో పుట్టినవాడూ ఆ కాగితం మీద ఒకే గడిలో ఉన్నారు. ఆదివాసీల జబ్బుకు తాగుడు, బద్ధకం కారణమని తెలుగు విందుల్లో ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఈ గడిని చూపించాలి. ఆ ఆదివాసీల నేల మీదే మన ఇళ్లు కట్టుకున్నామని కూడా గుర్తు చేయాలి.

జబ్బులో మనిషి బాధ్యత లేదని ఎవరూ అనరు. మోవాంజుమ్ వాళ్లు ఏడు వారాలు తామే నడిచారు, తామే తవ్వారు, ఎవరూ మోసుకెళ్లలేదు. కింటోర్ చిత్రకారులు తామే కుంచె పట్టారు. పురుషకారమంటే అదే. కానీ వాళ్లలో ఒక్కరూ ఒంటరిగా చేయలేదు, ఒక్కరినీ దోషిగా నిలబెట్టి చేయించలేదు. తిండి మార్చుకునే బలం మనిషికి తన వాళ్ల నుంచి, తన నేల నుంచి, తన బతుకు మీద తనకున్న అధికారం నుంచి వస్తుంది. వాటిని లాగేసుకుని, ఆ తర్వాత కంచం చూసి తిట్టడం అధర్మం.

అందుకే ఆస్ట్రేలియాలోని తెలుగు సంఘాలకు, గుడి కమిటీలకు ఒక విన్నపం. వచ్చే ఉగాది సభలో అన్నదానం బల్ల పక్కనే ఇంకో బల్ల వేయండి. దాని మీద నడుము కొలిచే టేపు, బీపీ మిషను, ఆస్‌డ్రిస్క్ పత్రాలు పెట్టండి. తెలుగు వచ్చిన నర్సులు, డాక్టర్లు మీ సభ్యుల్లోనే ఉన్నారు, వాళ్లను కూర్చోబెట్టండి. మొత్తం 12 మార్కులు గానీ అంతకు మించి గానీ వచ్చినవాళ్లు వెంటనే తమ జీపీని, అంటే ఇంటి డాక్టరును, కలవాలి. వాళ్లను ఒంటరిగా పంపకండి, ఇంట్లో ఒకరు వెంట వెళ్లండి.